ఫ్రేమ్‌కి ఒక్క ఏలియన్: స్పేస్ ఇన్వేడర్స్‌ని కన్సోల్ మీద మళ్లీ కట్టినప్పుడు

మొదటి బిల్డ్ (ఆడి చూడటానికి తయారైన వెర్షన్) ఆడిన రోజు గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. బొమ్మలు బాగున్నాయి, సౌండ్ బాగుంది, 4కె టీవీ మీద ఏలియన్లు నిగనిగలాడుతున్నాయి. కంట్రోలర్ చేతులు మారుతూ పోయింది. ఒక్కొక్కరూ రెండేసి నిమిషాలు ఆడి పక్కవాళ్లకి ఇచ్చేశారు. తప్పు ఇదీ అని వేలు పెట్టి చూపించగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. పైనుంచి గుంపుగా దిగివచ్చే ఏలియన్లని కింద నుంచి కాల్చే ఆట ఇది. 1978లో జనాన్ని మెషిన్ ముందు నుంచి కదలనివ్వని ఆ ఆట, మా చేతిలో రెండు నిమిషాలకే చప్పబడిపోయింది.

ఎక్కడ చప్పబడిందో వెతికి పట్టుకోవడం, దాన్ని మళ్లీ నిలబెట్టడం, ఈ రెండూ ఎలా జరిగాయో ఇక్కడ రాస్తున్నాను. పాత ఆర్కేడ్ ఆటల్ని కొత్త మెషిన్ల మీదికి తెచ్చే పనిలో ఉన్నవాళ్లకి ఇందులో చాలా సంగతులు నేరుగా పనికొస్తాయి.

ముందుగా ఒక మాట. ఇది అమ్మకానికి చేసిన గేమ్ కాదు. స్పేస్ ఇన్వేడర్స్ హక్కులు టైటో కంపెనీవి. స్టూడియోలో కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పడానికి లోపల చేసుకున్న ప్రాజెక్ట్ ఇది, డెవ్‌కిట్ (గేములు తయారుచేసేవాళ్లు వాడే కన్సోల్) దాటి బయటికి పోదు. టీమ్‌లో నలుగురం: నేను, ఒక ఆర్టిస్ట్, కొత్త ప్రోగ్రామర్లు ఇద్దరు. పెట్టుకున్న షరతు ఒక్కటే. పాత ప్రోగ్రామ్‌ని ఎమ్యులేటర్‌లో (పాత మెషిన్‌లా నటించే సాఫ్ట్‌వేర్‌లో) నడిపి పైన రంగులు పూయకూడదు. ఇప్పటి గేమ్ ఇంజిన్‌లో మొదటి లైను నుంచి మనమే రాయాలి. ఎమ్యులేటర్ పక్క మానిటర్‌లో నడుస్తూ ఉంటుంది, సరిపోల్చుకోవడానికి మాత్రమే.

అసలు మెషిన్

టైటోలో టొమోహిరో నిషికాడో ఈ ఆటని డిజైన్ చేశారు, ప్రోగ్రామ్ రాశారు, దాన్ని నడిపే హార్డ్‌వేర్ కూడా ఆయనే తయారుచేశారు. ప్రాసెసర్ ఇంటెల్ 8080, వేగం దాదాపు 2 మెగాహెర్ట్జ్. స్క్రీన్ 256 బై 224 పిక్సెళ్లు, మానిటర్‌ని పక్కకి తిప్పి నిలువుగా పెట్టారు. ఒక్కో పిక్సెల్‌కి ఒక్క బిట్, అంటే వెలుగుతుంది లేదా ఆరిపోతుంది. మొత్తం స్క్రీన్‌కి 7,168 బైట్ల మెమరీ. ప్రోగ్రామ్ అంతా కలిపి 8 కిలోబైట్లలో సర్దేశారు. బిట్లని ఒకేసారి ఎన్ని కావాలంటే అన్ని స్థానాలు జరిపే శక్తి 8080కి లేదు కాబట్టి, ఆ ఒక్క పని కోసం విడిగా ఒక షిఫ్ట్ చిప్ పెట్టారు. ఇంత చేసినా, 55 ఏలియన్లని ఒకేసారి చెరిపి గీసే సత్తా దానికి లేదు.

ఏలియన్లు తగ్గేకొద్దీ ప్రాసెసర్‌కి పని తగ్గుతుంది, అందుకే మిగిలినవి వేగంగా కదులుతాయి అన్న కథ అందరూ వినే ఉంటారు. అది నిజమే. కానీ మళ్లీ కట్టేవాడికి ఆ కథ సరిపోదు, మమ్మల్ని పక్కదారి పట్టించింది కూడా అదే. అమెరికాలో మిడ్‌వే కంపెనీ అమ్మిన వెర్షన్ కోడ్‌ని ఔత్సాహికులు లైను లైనుకీ వ్యాఖ్య రాసి పెట్టారు. అది చదివితే జరుగుతున్నది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. స్క్రీన్ ఒక్కసారి రిఫ్రెష్ అయ్యేలోపు, అంటే ఒక ఫ్రేమ్‌లో, ఆ ప్రోగ్రామ్ ఒక్క ఏలియన్‌ని మాత్రమే కదుపుతుంది. కింది వరుసలో ఎడమ చివర మొదలుపెట్టి కుడికి, తర్వాత పై వరుసకి. చచ్చినవాటిని దాటేసి బతికున్న తర్వాతిదాని దగ్గరికి వెళ్తుంది. అంతా ఒక చుట్టు తిరిగితేనే గుంపు ఒక అడుగు వేసినట్టు. ఆ అడుగు 2 పిక్సెళ్లు.

కాబట్టి ఇక్కడ స్పీడ్ అనే వేరియబుల్ లేదు. 55 బతికుంటే ఒక అడుగుకి 55 ఫ్రేములు, దాదాపు ఒక సెకను. 20 బతికుంటే 20 ఫ్రేములు. ఒక్కటే మిగిలితే ప్రతి ఫ్రేమ్‌కీ ఒక అడుగు.

మేం చేసిన మొదటి తప్పు

మా మొదటి బిల్డ్‌లో ఏలియన్ల గుంపు ఒకే వస్తువు. దానికి ఒక స్పీడ్, బతికున్నవాళ్ల సంఖ్యని బట్టి ఆ స్పీడ్‌ని పెంచే ఒక కర్వ్. కోడ్ చూడముచ్చటగా ఉంది, రివ్యూలో నేనే ఓకే చేశాను. పైగా కదలిక ఎగుడుదిగుడుగా కనిపించకుండా ఒక స్థానం నుంచి ఇంకో స్థానానికి నున్నగా జారేలా ఇంటర్‌పొలేషన్ కూడా పెట్టాం. కర్వ్‌ని ఎంత సర్దినా ఆట నిలబడలేదు. నాలుగు రోజులు ఆ అంకెలతోనే కుస్తీ పట్టాం.

కొత్తగా చేరిన అమ్మాయి ఎమ్యులేటర్‌లో ఒక్కో ఫ్రేమ్ ఆపుకుంటూ చూసి, నన్ను పిలిచింది.

"అన్నా, ఇందులో ఏలియన్ ఎప్పుడూ ఆగే ఉంది చూడండి. కదిలేది ఒక్క ఫ్రేమే. మనది ఒక్క క్షణం కూడా ఆగట్లేదు."

అసలు సంగతి అక్కడుంది. పాత ఆటలో మొదట్లో ఒక్కో ఏలియన్ దాదాపు సెకను పాటు కదలకుండా నిలబడి, టక్కున 2 పిక్సెళ్లు గెంతి, మళ్లీ నిలబడుతుంది. ప్లేయర్ గురిపెట్టేది నిలబడి ఉన్నదానికి. ప్లేయర్ బుల్లెట్ ఫ్రేమ్‌కి 4 పిక్సెళ్ల చొప్పున పైకి పోతుంది. ఏలియన్ 80 పిక్సెళ్ల ఎత్తులో ఉందనుకుంటే బుల్లెట్‌కి 20 ఫ్రేములు పడుతుంది. 55 ఉన్నప్పుడు ఆ 20 ఫ్రేముల్లో మీ టార్గెట్ ఒక్కసారి కదిలితే కదులుతుంది, లేకపోతే లేదు. సూటిగా కొడితే చాలు. 5 మిగిలినప్పుడు అదే 20 ఫ్రేముల్లో నాలుగు అడుగులు వేసి 8 పిక్సెళ్లు జరుగుతుంది. ఇక కొంచెం ముందుకి కొట్టాలి. ఒక్కటే మిగిలినప్పుడు 20 అడుగులు. ఎడమకి పోతుంటే 40 పిక్సెళ్లు, కుడికి పోతుంటే 60. ఎందుకంటే చివరి ఏలియన్ కుడివైపు అడుగుని ఆ ప్రోగ్రామ్ 3 పిక్సెళ్లు చేసేస్తుంది. అప్పుడు ఏలియన్‌ని చూసి కొట్టడం దండగ, అది రాబోయే చోటుని చూసి కొట్టాలి.

అంటే ఒకే రౌండ్‌లో ఆట ప్లేయర్‌కి మూడు వేర్వేరు విద్యలు నేర్పుతోంది. ఆ నేర్పేది ఆ గెంతే. మేం దాన్ని నున్నగా చేసి చెరిపేశాం. మా బిల్డ్‌లో మొదటి బుల్లెట్ నుంచే జారిపోతున్న టార్గెట్‌ని అంచనా వేసి కొట్టాల్సి వచ్చేది. తేలిక నుంచి కష్టానికి ఎక్కే మెట్లన్నీ పోయి, మొత్తం ఒకటే వాలుగా మారిపోయింది.

గుంపుని విడగొట్టి, 55 ఏలియన్లకి ఒక లిస్ట్, ఒక వేలు పెట్టాం. ప్రతి ఫ్రేమ్‌కీ ఆ వేలు బతికున్న తర్వాతి ఏలియన్ మీదికి జరుగుతుంది, దాన్ని కదుపుతుంది, అంతే. ఏ ఏలియన్ అంచుని తాకినా, తర్వాతి చుట్టులో అందరూ 8 పిక్సెళ్లు కిందికి దిగి దిశ మార్చుకుంటారు. స్పీడ్ కర్వ్ ఉన్న ఫైల్ మొత్తం తీసేశాం. కొత్త కోడ్ పాతదానిలో పావు వంతు కూడా లేదు. కింది వరుస ముందు కదిలి, పై వరుసలు వెనకాల అందుకోవడం వల్ల గుంపులో గడ్డి మీద గాలి పాకినట్టు ఒక అల కనిపించింది. దాన్ని కావాలని ఎవరూ గీయలేదు. వరుస ప్రకారం కదపడంలోంచి దానంతటదే పుట్టింది.

కొట్టిన ప్రతిసారీ 16 ఫ్రేములు

గెంతు సరిపోయాక కూడా రెండు స్క్రీన్లు పక్కపక్కన పెడితే మా గుంపు ముందుకి వెళ్లిపోతోంది. మొదటి ఏలియన్ చచ్చేవరకు ఇద్దరిదీ ఒకే చోటు. తర్వాత కొట్టినకొద్దీ తేడా పెరుగుతోంది. మూడు రోజులు మా లెక్కల్లోనే తప్పు వెతికాం.

తప్పు లెక్కలో లేదు. ఏలియన్ పేలుతున్న బొమ్మ స్క్రీన్ మీద ఉన్న 16 ఫ్రేములూ పాత ప్రోగ్రామ్ మిగతా ఏలియన్లలో దేన్నీ కదపదు. గుంపంతా అలా నిలబడిపోతుంది. ప్లేయర్ కదలొచ్చు, పైనుంచి వస్తున్న బుల్లెట్లూ ఆగవు, గుంపు మాత్రం ఆగుతుంది. 16 ఫ్రేములంటే పావు సెకను పైచిలుకు. కంటికి ఆనదు, చేతికి తెలుస్తుంది. కొట్టిన దెబ్బ తగిలిందన్న బరువు అక్కణ్నించే వస్తుంది. ఈ రోజుల్లో ఫైటింగ్ గేముల్లో దెబ్బ తగిలిన చోట రెండు మూడు ఫ్రేములు ఆపడం మామూలే. ఆ ఫలితమే ఇక్కడ 1978లో ఉంది.

ఇంకో లాభం కూడా ఉంది. 55ని కొడితే 55 ఇంటూ 16, అంటే 880 ఫ్రేములు, రౌండ్‌కి దాదాపు 15 సెకన్లు గుంపు ఆగి ఉంటుంది. గురిగా కొట్టేవాడు తనకి తానే టైమ్ కొనుక్కుంటున్నాడు. ఆ నియమం పెట్టిన సాయంత్రం ఆడి చూస్తే, మొదటి రోజు నుంచీ చేతికి దొరకని వెలితి ఏదో తీరినట్టనిపించింది. నా మట్టుకు ఈ ప్రాజెక్ట్ మొత్తంలో అన్నిటికంటే విలువైన 16 ఫ్రేములు ఇవే.

గుండె చప్పుడు ఏలియన్లది కాదు

నాలుగు స్వరాల ఆ బరువైన చప్పుడు తెలియనివాళ్లు లేరు. ఏలియన్లు తగ్గేకొద్దీ అది వేగం పెంచుతుంది, వింటున్నవాడికి టెన్షన్ పెరుగుతుంది. అడుగుకి ఒక చప్పుడు అనుకుని మేం రెండిటినీ ముడిపెట్టేశాం. మూడు ఏలియన్లు మిగిలేసరికి అది చప్పుడు కాదు, డ్రిల్లింగ్ మెషిన్. ఒక్కటి మిగిలితే సెకనుకి 60 దెబ్బలు, చెవులు చిల్లులు పడుతున్నాయి.

పాత కోడ్‌లో చప్పుడుకి విడిగా ఒక పట్టిక ఉంది. ఏలియన్లు 50, అంతకు మించి ఉంటే 52 ఫ్రేములకి ఒక చప్పుడు. 43 దాకా ఉంటే 46 ఫ్రేములకి, 36 దాకా ఉంటే 39కి, ఇలా మెట్లు మెట్లుగా దిగుతూ చివరి ఒక్కదానికి 5 ఫ్రేముల దగ్గర ఆగిపోతుంది. అంటే గుంపు కదలిక 55 రెట్లు పెరిగితే, చప్పుడు పెరిగేది పది రెట్లే. మొదట్లో రెండూ కలిసి నడుస్తున్నట్టే అనిపిస్తాయి. చివర్లో విడిపోతాయి, అప్పుడు ప్లేయర్ చూపంతా ఏలియన్ మీదే ఉంటుంది కాబట్టి ఆ తేడా పట్టదు. చెవి ఎక్కడిదాకా ఓర్చుకుంటుందో కనిపెట్టి అక్కడ ఆపారు. పట్టికని ఉన్నదున్నట్టు వాడాం.

సౌండ్ మాత్రం కొత్తగా రికార్డ్ చేశాం. పాతదంతా అనలాగ్ సర్క్యూట్లు. పైన ఎగిరే సాసర్ కూతకి మాత్రం ఒక సౌండ్ చిప్ ఉంది. టీవీ స్పీకర్లలో బాస్ మరీ పలచగా వినిపిస్తుంది కాబట్టి అదే స్వరాన్ని ఒక ఆక్టేవ్ పైన సన్నగా కలిపాం. ఇందులో చెప్పుకోవాల్సింది అంతకంటే లేదు.

ఒక్క బుల్లెట్

కొత్తవాళ్లలో రెండోవాడైన అబ్బాయికి షూటర్లంటే (కాల్పుల ఆటలంటే) ప్రాణం. ప్లేయర్‌కి ఒకసారి ఒక్క బుల్లెట్టే ఉండటం అతనికి మింగుడు పడలేదు. "ఈ కాలంలో ఇలా ఉంటే ఎవరాడతారన్నా?" అన్నాడు. సరే, మూడు ఇచ్చి చూడమన్నాను. వాదించి ఒప్పించడం కంటే ఆడించడం మేలు.

మూడు బుల్లెట్లతో మొదటి రౌండ్ బటన్ నొక్కి పట్టుకుని ఊడ్చేశారు. ఎవరికీ గురితో పనిలేదు. ఒక్క బుల్లెట్ ఉన్నప్పుడు జరిగేది వేరు. గురి తప్పితే ఆ బుల్లెట్ పైదాకా పోయేవరకు మీ చేతిలో ఏమీ లేదు. 180 పిక్సెళ్లు పోవాలంటే 45 ఫ్రేములు, ముప్పావు సెకను. అంతసేపూ పైనుంచి పడేవాటిని తప్పించుకోవడమే పని. అదే ఏలియన్లు నెత్తి మీదికి దిగివస్తే బుల్లెట్ తగలడానికి పట్టే టైమ్ తగ్గుతుంది, వెంటనే ఇంకోటి కొట్టొచ్చు. ప్రమాదం దగ్గరపడేకొద్దీ మీ తుపాకీ వేగం కూడా పెరుగుతోంది. మూడు బుల్లెట్లిస్తే ఈ లెక్క తలకిందులైపోతుంది. మర్నాడు ఆ అబ్బాయే మళ్లీ ఒకటికి మార్చి బిల్డ్ పంపాడు.

ఏలియన్ల బుల్లెట్ల దగ్గరా మేం తప్పు చేశాం. ఎవరు ఎప్పుడు కాల్చాలో ర్యాండమ్‌గా వదిలేశాం. పాత ఆటలో మూడు రకాల బుల్లెట్లున్నాయి. ఒకటి ప్లేయర్ పైన ఉన్న నిలువు వరుస నుంచే వస్తుంది. మిగతా రెండూ ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం ఒక్కో నిలువు వరుస నుంచి వస్తాయి. మూడూ వంతుల వారీగా, మూడు ఫ్రేములకి ఒకసారి 4 పిక్సెళ్లు దిగుతాయి. అంటే ప్లేయర్ బుల్లెట్ వేగంలో మూడో వంతు. ఏలియన్లు 8కి తగ్గితే 5 పిక్సెళ్లు. ర్యాండమ్‌లో చచ్చినప్పుడు ప్లేయర్‌కి కోపం వస్తుంది, పట్టిక ప్రకారం చచ్చినప్పుడు "అయ్యో, అక్కడ నిలబడకుండా ఉండాల్సింది" అనిపిస్తుంది. వెనకాల ఉన్న పట్టిక ప్లేయర్‌కి తెలియకపోయినా, పది ఆటలయ్యేసరికి చేతికి తెలుస్తుంది.

బగ్గుల జాబితాలో ఉంచేసినవి

టెస్టింగ్ నుంచి రెండు బగ్గులొచ్చాయి. మొదటిది: ఏలియన్లు అట్టడుగుకి వచ్చాక వాటి బుల్లెట్లు ప్లేయర్‌కి తగలట్లేదు. రెండోది: సాసర్ స్కోర్ ర్యాండమ్ అని డిజైన్‌లో రాసుంది, కానీ ముందే ఊహించగలుగుతున్నాం. రెండూ పాత ఆటలో ఉన్నవే, మేం కావాలని తెచ్చినవి.

బుల్లెట్ పుట్టేది ఏలియన్‌కి కొంత కింద. ఏలియన్ చివరి వరుసకి దిగినప్పుడు ఆ పుట్టే చోటు ప్లేయర్‌ని దాటి ఉంటుంది, కాబట్టి తగలదు. జపాన్‌లో దీన్ని కనిపెట్టి ఒక పద్ధతే తయారుచేశారు. ఏలియన్లని కావాలని చివరి వరుస దాకా రానిచ్చి, తర్వాత పక్క నుంచి వరుసగా కొట్టేయడం. దానికి నాగోయా ఉచి అని పేరు. ఒక్క అడుగు దిగితే ఆట పోతుంది, కానీ ఆ ఒక్క వరుసలో ఉన్నంతసేపూ మీరు క్షేమం. గుండె చేతిలో పెట్టుకుని ఆడే ఆట అది.

సాసర్ సంగతి ఇంకా చక్కగా ఉంటుంది. దాని విలువ 50, 100, 150, 300లో ఏదో ఒకటి, మీరు కొట్టిన బుల్లెట్ల లెక్కని బట్టి పట్టికలోంచి వస్తుంది. పట్టికలో 16 అంకెలున్నాయి, కోడ్ మాత్రం 15 దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది. ఆ చిన్న పొరపాటు వల్ల 23వ బుల్లెట్‌తో సాసర్‌ని కొడితే 300, ఆ తర్వాత ప్రతి 15వ బుల్లెట్‌కీ 300. లెక్కపెట్టుకుంటూ ఆడేవాళ్ల ఆట మామూలువాళ్ల ఆటకంటే పూర్తిగా వేరు. 16వ అంకెని వాడేలా దిద్దడం ఒక్క అక్షరం పని. దిద్దలేదు. టికెట్‌లో కారణం రాసి మూసేశాను.

బంకర్లు

ప్లేయర్ దాక్కోవడానికి నాలుగు బంకర్లు, ఒక్కోటి 22 బై 16 పిక్సెళ్లు. మా మొదటి బిల్డ్‌లో ఒక్కో బంకర్ కొన్ని ముక్కలు, ముక్కకి ఇన్ని దెబ్బలు అని పెట్టాం. అలా పెడితే పోయింది బొమ్మ ఒక్కటే కాదు. పాత ఆటలో బుల్లెట్ పేలిన ఆకారమే బంకర్‌లోంచి చెరిగిపోతుంది. అందువల్ల ప్లేయర్ కింద నుంచి తన బంకర్‌కే సన్నటి కన్నం పొడిచి, అందులోంచి కాలుస్తూ దాక్కోగలడు. ముక్కల పద్ధతిలో ఆ కన్నం కుదరదు. కాబట్టి ఒక్కో బంకర్‌కీ 352 బిట్ల చిన్న బిట్‌మ్యాప్ (ఒక్కో పిక్సెల్‌కి ఒక బిట్) పెట్టి, తగలడం, చెరగడం రెండూ దాని మీదే నడిపాం.

ఆర్టిస్ట్ ఇక్కడ ఒక అందమైన పని చేసింది, అది నిలబడలేదు. విరిగిన అంచుల్ని కాంక్రీట్ పెచ్చులూడినట్టు చాలా సన్నగా గీసింది. చూడటానికి కళ్లు చెదిరేలా ఉంది. కానీ కంటికి గోడ కనిపించిన చోట బిట్‌మ్యాప్‌లో ఖాళీ, అందులోంచి బుల్లెట్ దూసుకొచ్చేది. రెండు రోజుల పని పక్కన పెట్టేసి, బొమ్మ అంచు బిట్‌మ్యాప్ అంచుతో కచ్చితంగా కలిసేలా మళ్లీ గీసింది. ఆ నిర్ణయం ఆమే తీసుకుంది, నేను అడగలేదు.

చతురస్రం కాని పిక్సెల్

స్క్రీన్ సైజు తేలిగ్గా తేలిపోతుందనుకున్నాం. తేలలేదు. నిలువుగా తిప్పిన మానిటర్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 3:4. అందులో 224 పిక్సెళ్ల వెడల్పు, 256 పిక్సెళ్ల ఎత్తు సర్దాలి. 224ని 256తో భాగిస్తే 0.875 వస్తుంది, స్క్రీన్ నిష్పత్తి 0.75. అంటే పాత మానిటర్ మీద ఒక్కో పిక్సెల్ చతురస్రం కాదు, ఎత్తుకంటే వెడల్పు కొంచెం తక్కువ, దాదాపు 0.857 వంతు. చతురస్రాలు పెట్టేస్తే ఏలియన్లు బొద్దుగా, పీతలు అణిగిపోయినట్టు కనిపిస్తాయి. చాలా పోర్టుల్లో (వేరే మెషిన్ల మీదికి తెచ్చిన వెర్షన్లలో) కనిపించేది అదే.

1080 లైన్ల టీవీలో ఎత్తుని 4 రెట్లు చేస్తే 1024, బాగా సరిపోతుంది. వెడల్పు 3.43 రెట్లు కావాలి. 3 చేస్తే మరీ సన్నం, 4 చేస్తే మరీ లావు, మధ్యలో పెడితే కొన్ని పిక్సెళ్లు 3, కొన్ని 4 అయి ఏలియన్ నడుస్తుంటే దాని కాళ్లు సాగుతూ ముడుచుకుంటూ కనిపిస్తాయి. 4కెలో దారి దొరికింది. ఎత్తు 8 రెట్లు, వెడల్పు 7 రెట్లు. 7 బై 8 అంటే 0.875, కావాల్సినదానికి రెండు శాతం తేడా, కంటికి తెలియదు. కాబట్టి ఎప్పుడూ 1568 బై 2048 సైజులో గీసి, 1080 టీవీ అయితే చివర్లో సగానికి తగ్గిస్తున్నాం.

రెండు పక్కలా మిగిలిన ఖాళీలో ఏం పెట్టాలన్నది వేరే చర్చ. ఆట మైదానాన్ని వెడల్పు చేద్దామన్న మాట వచ్చింది. చేస్తే గుంపు అంచుకి చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది, కిందికి దిగడం ఆలస్యమవుతుంది, ఆట లెక్కంతా మారిపోతుంది. ఖాళీని నల్లగా వదిలేశాం.

రంగుల్లోనూ పాత మెషిన్ దగ్గరే నేర్చుకున్నాం. స్క్రీన్ నలుపు తెలుపు, దాని మీద రంగు సెల్లోఫేన్ పట్టీలు అంటించేవారు. పైన సాసర్ తిరిగే చోట ఒక రంగు, కింద బంకర్ల దగ్గర ఆకుపచ్చ. రంగు ఏలియన్‌ది కాదు, చోటుది. దిగివచ్చిన ఏలియన్ ఆకుపచ్చగా మారిందంటే మన గడ్డ మీద కాలు పెట్టినట్టే. మొదట్లో ఒక్కో రకానికి ఒక్కో రంగు వేశాం, ఆ హెచ్చరిక పోయింది. మళ్లీ చోటుని బట్టి మార్చాం.

చేతికి, తెరకి మధ్య

పాత మెషిన్‌లో ప్లేయర్ ఫ్రేమ్‌కి ఒక పిక్సెల్ కదులుతాడు. మెల్లగా, ఒకే వేగంతో. మా స్టిక్‌లో ఎంత నొక్కితే అంత వేగం పెట్టాం, తప్పించుకోవడం మరీ సులువైపోయింది. స్టిక్ సగం దాటితే పూర్తి వేగం, లేకపోతే సున్నా. డి-ప్యాడ్‌ని (కంట్రోలర్ మీది నాలుగు దిక్కుల బటన్‌ని) మొదటి ఎంపిక చేశాం.

అంతకంటే పెద్ద బాధ ఆలస్యం. పాతది ప్రతి ఫ్రేమ్‌లో బటన్‌ని నేరుగా చదివి, ఆ వెంటనే గీసేది. ఇప్పుడు వైర్‌లెస్ కంట్రోలర్, ఇంజిన్‌లో వరుసలో నిలబడిన ఫ్రేములు, టీవీలో బొమ్మని మెరుగుపరిచే ప్రాసెసింగ్, అన్నీ తలా కొంచెం తింటాయి. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, వేలినీ టీవీనీ ఒకే షాట్‌లో తీసి, బటన్ దిగిన ఫ్రేమ్ నుంచి స్క్రీన్ మీద ప్లేయర్ తుపాకీ కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టాం. ఒక్కో ఫ్రేమ్ 4 మిల్లీసెకన్ల పైచిలుకు. ఖరీదైన పరికరం ఏమీ అక్కర్లేదు. ఇంజిన్‌లో ముందుగా తయారుచేసి పెట్టుకునే ఫ్రేములని ఒకటికి తగ్గించాం, బటన్ చదవడాన్ని ఫ్రేమ్ మొదట్లోంచి గీయడానికి సరిగ్గా ముందుకి జరిపాం, మొదటిసారి ఆడినప్పుడు టీవీని గేమ్ మోడ్‌లో పెట్టుకోమని ఒక స్క్రీన్ చూపిస్తున్నాం. ఈ మూడిటిలో ఎక్కువ లాభం మూడోదాంతోనే వచ్చింది.

36 ఏలియన్లతో

పని మధ్యలో కొత్తవాళ్లిద్దరికీ 1980 నాటి అటారీ 2600 వెర్షన్ ఆడించాను. రిక్ మౌరర్ రాసినది, ఇంటి కన్సోల్‌కి అధికారికంగా వచ్చిన మొదటి స్పేస్ ఇన్వేడర్స్ అదే. ఆ మెషిన్‌లో ర్యామ్ 128 బైట్లు. మా ఒక్క బంకర్ బిట్‌మ్యాప్‌కే 44 బైట్లు కావాలి. అందులో 55 ఏలియన్లు పట్టవు, ఆయన ఆరు వరుసల్లో ఆరేసి, 36 పెట్టారు. బంకర్లు మూడే. బొమ్మలు వేరు, సౌండ్ వేరు. కానీ ఏలియన్లు తగ్గేకొద్దీ వేగం పెరగడాన్ని మాత్రం వదల్లేదు. పైగా కదిలే బంకర్లు, కనిపించని ఏలియన్లు, వంకరగా దిగే బుల్లెట్లు అంటూ 112 రకాల ఆటలు ఇచ్చారు.

మూడు బుల్లెట్లు కావాలన్న అబ్బాయి అది గంట సేపు ఆడాడు. తర్వాత మా డిజైన్ పేపర్ తీసుకుని, దేన్ని మార్చొచ్చు, దేన్ని ముట్టుకోకూడదు అని రెండు నిలువు వరుసల పట్టిక వేశాడు. ముట్టుకోకూడని వైపు నాలుగే రాశాడు: ఫ్రేమ్‌కి ఒక్క ఏలియన్, పేలినప్పుడు ఆగడం, ఒక్క బుల్లెట్, చెరిగిపోయే బంకర్. మిగతావన్నీ మార్చొచ్చన్న వైపుకి వెళ్లాయి. నేను రాసినా దాదాపు అదే రాసేవాణ్ని. ఏలియన్ల బుల్లెట్ల పట్టికని కూడా ముట్టుకోకూడని వైపుకి చేర్చమన్నాను, చేర్చాడు.

ప్రస్తుతం మిగిలిన పని ఇద్దరు ప్లేయర్ల మోడ్. ఒకరి తర్వాత ఒకరు ఆడతారు కాబట్టి, ఒకరి వంతు అయిపోగానే వాళ్ల బంకర్లు ఎక్కడ ఎలా విరిగాయో అలాగే దాచి, మళ్లీ వాళ్ల వంతు రాగానే తిరిగి పెట్టాలి. నాలుగు బంకర్లకి 176 బైట్లు, పాత మెషిన్ కూడా సరిగ్గా అలాగే దాచుకునేది. ఏలియన్ల లిస్ట్ దాచడం అయింది. వేలు ఏ ఏలియన్ మీద ఆగిందో దాన్ని దాచడం మర్చిపోయాం, అందుకే వంతు మారిన ప్రతిసారీ గుంపు మొదటి నుంచి అడుగు వేస్తోంది. ఆ అమ్మాయి దాని మీదే కూర్చుంది.